పిట్టల బల్లకు వాటం

పక్షవాతం వచ్చి లేచాక మా అన్న తనంతట తాను మొదలుపెట్టిన పని ఒక్కటే, పిట్టలకు గింజలు చల్లడం. ఆళ్లగడ్డలో వాళ్ళింటి వసారాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, ఎడమచేత్తో కొర్రలు తీసి వాకిట్లోకి విసిరేవాడు. కుడిచెయ్యి పళ్ళెం పక్కన పడి ఉండేది. ముప్పై ఐదేళ్ళు తలుపులూ కిటికీలూ మంచాలూ చేసిన చెయ్యి అది. ఆళ్లగడ్డలో సగం ఇళ్ళ గడపలు ఆ చేతి మీదుగా పోయినవేనని మా వదిన అంటుంది. సగం అనేది వదిన లెక్క, నాది కాదు.

నేను నంద్యాలలో హైస్కూలు లెక్కల మాస్టర్ని. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వెళ్ళి అన్నను చూసి సాయంత్రానికి వచ్చేసేవాణ్ణి. ఆయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. మాట కొంచెం ముద్దగా వస్తోందని సిగ్గు. డాక్టరు చెప్పింది వదినకు కంఠతా వచ్చేసింది: కుడిచెయ్యి కొంత వస్తుంది, అంతా రాదు, ఎడమచేతికి పని అలవాటు చెయ్యండి, మనిషిని ఊరికే కూర్చోబెట్టకండి. ఆయన మాత్రం ఊరికే కూర్చునేవాడు. వాకిలి పక్కనే ఉన్న తన పని కొట్టంలోకి తొంగి కూడా చూడలేదు.

ఇంతలో డోన్ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనదీ వడ్రంగం పనే. రంపాలు, ఉలులు, చిత్రికలు, పని బల్లతో సహా అన్నీ ఒకేసారి కొంటానన్నాడట. అన్న తల కూడా ఎత్తకుండా తీసుకుపొమ్మన్నాడట. ఐదో ఆదివారం బండి తెస్తానని ఆయన చెప్పి వెళ్ళాడు. ఈ సంగతి వదిన నన్ను బస్టాండు మలుపు దాకా సాగనంపుతూ చెప్పింది. దారి పొడుగునా రాతి శిల్పాలు చెక్కే షెడ్లలో ఉలి చప్పుళ్ళు. ఆ చప్పుడులో ఏడ్చినా ఎవరికీ వినపడదని కాబోలు, అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకుంది.

"సామాన్లు పోతే పోనీలేప్పా. అవి పోయినాక ఈ మనిషి ఇంగ లెయ్యడు. నువ్వన్నా ఏందోటి చెయ్యి" అంది.

ఏదో ఒకటి చెయ్యమంటే నాకు చేతనైంది లెక్కలు చెయ్యడమే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని అదే చేశాను. అన్నకు ఇప్పుడు ఇష్టమైనవి పిట్టలు. కోపం తెప్పించేవి పక్కింటి కోళ్ళు. పిచ్చుకలూ గోరింకలూ దిగేలోపల ఆ కోళ్ళు గుంపుగా వచ్చి కొర్రలన్నీ ఊడ్చేస్తాయి. అన్న కుర్చీలోంచి లేవలేక వాటిని తిడతాడు, ఆ తిట్లు మాత్రం ముద్దగా రావు. వాన పడితే గింజలు బురదలో కలిసిపోతాయి. కనుక నిలువు గుంజ మీద ఒక చెక్క బల్ల, దాని మీద నాలుగు కాళ్ళు, వాటి మీద కప్పు ఒకటి ఉంటే కోళ్ళకు అందదు, వానకు తడవదు. అలాంటిది ఒకటి ఫోన్‌లో చూశాను. రెండు పలకలు వాలుగా వచ్చి పైన ముక్కు ముక్కు ఆనించుకున్న కప్పు. దాన్ని అన్న కొట్టంలో, అన్న సామాన్లతో, అన్న కళ్ళ ముందు చెయ్యాలి. చేసే పని చూసి ఊరుకోలేక లేస్తాడని నా ఆశ. లేకపోతే సామాన్లు డోన్ పోతాయి.

ఆ రాత్రికే లెక్క మొదలుపెట్టాను. పిల్లల యూనిట్ టెస్టు పేపర్ల వెనక తెల్లగా ఉన్న చోటల్లా త్రిభుజాలు గీశాను. రెండు కాళ్ళ మధ్య పదహారు అంగుళాలు. అందులో సగం ఎనిమిది. వాలు ముప్పై డిగ్రీలు పెడితే నడిమి ఎత్తు నాలుగంగుళాల ఐదు నూళ్ళు వచ్చింది. అంగుళంలో ఎనిమిదో వంతును వడ్రంగులు నూలు అంటారు. ఏళ్ళ తరబడి పదో తరగతికి త్రికోణమితి చెప్పాను. ధ్వజస్తంభం ఎత్తు, గాలిపటం దారం పొడవు ఎన్నిసార్లు కట్టానో. చేత్తో పట్టుకునే వస్తువుకు మాత్రం ఎన్నడూ కట్టలేదు. నాకు నామీదే గర్వం పుట్టి మా ఆవిడను లేపి చూపించాను. ఆవిడ ఆ పేపరు తిప్పి, ఈ పిల్లకు మూడు మార్కులు తక్కువ వేశావు, ముందు అది చూసుకోమంది.

మరుసటి ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి ఆళ్లగడ్డ వెళ్ళాను. మా చర్చి బల్లలన్నీ మా నాయన చేసినవే కాబట్టి మా కుటుంబానికి ఒకటి రెండు ఆదివారాలు మినహాయింపు ఉంటుందని మా ఆవిడకు చెప్పి ఒప్పించాను. అన్న పక్కన కూర్చుని కాగితం విప్పాను. వాలు ముప్పై డిగ్రీలని చెప్పాను.

అన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "డిగ్రీలంటే నాకు తెలిసింది మూడే. ఎండ, జొరం, నువ్వు సదివిన సదువు. కట్టెకు డిగ్రీలేందిరా?" అన్నాడు.

అన్నిరోజుల్లో అంత పొడుగు మాట అదే మొదలు. వదిన వంటింట్లోంచి తలుపు దాకా వచ్చి, నేను చూడగానే మళ్ళీ లోపలికి పోయింది.

అన్న అడిగినదాంట్లో తప్పేం లేదు. మా వైపు ఇళ్ళన్నీ మిద్దెలు. పైన చదును. వాననీళ్ళు ఒక పక్కకు జారడానికి కంటికి కనపడీ కనపడనంత వాలు ఇస్తారు, దాన్ని నీళ్ళవాటం అంటారు. మా నాయనా మా అన్నా జీవితమంతా చేసింది మూలమట్టం పని, అంటే అన్నీ సరిగ్గా నిలువూ అడ్డమూ కలిసేవే. గడప, తలుపు, మంచం, చర్చి బల్ల. చర్చిలో పెట్టిన సిలువ కూడా మూలమట్టమే. రెండు వాలు పలకలు నెత్తిన కలిసే కప్పు మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ చెయ్యలేదు. అందుకే అన్న నీళ్ళవాటం ఇచ్చి ఊరుకో, మూరకు రెండు వేళ్ళు దించితే చాలునన్నాడు. అలా చదునుగా పెడితే కాకులు పైన కాపురం పెడతాయని నేను వాదించాను. ఆయన నీ ఇష్టమని మళ్ళీ పళ్ళెంలోకి తిరిగాడు.

నేనొక్కణ్ణే కొట్టంలోకి వెళ్ళాను. ఇక్కడ నా చేతి సంగతి చెప్పాలి. నాది పుట్టుకతో ఎడమచేతి వాటం. మా వైపు అలాంటివాణ్ణి రొడ్డచెయ్యోడు అంటారు. అన్నం మాత్రం కుడిచేత్తో తింటాను, అది అమ్మ కొట్టి నేర్పింది. మిగతావన్నీ రొడ్డచేత్తోనే. వడ్రంగి పని బల్ల మీద చిత్రిక పట్టేటప్పుడు పలక జారకుండా కొసన ఒక అడ్డకట్టె కొట్టి ఉంటుంది. కుడిచేతి వాటం వాడు కుడి నుంచి ఎడమకు తోస్తాడు కాబట్టి ఆ కట్టె ఎడమ కొసన ఉంటుంది. నాకు కుడి కొసన కావాలి. పద్నాలుగేళ్ళప్పుడు, ఒక వేసవిలో, నాయన లేనప్పుడు ఆ కట్టె పీకి కుడి కొసన కొట్టుకున్నాను. ఒక పలక ఎంతో నున్నగా వచ్చింది. దాన్ని నాయనకు చూపించాలని కూర్చున్నాను. నాయన వచ్చి పలకను చూడలేదు, బల్లను చూశాడు. కట్టెను ఉన్నచోట పెట్టమని అన్నకు చెప్పాడు. అన్నకు అప్పుడు ఇరవై. నాలుగు మేకులు తీసుకుని, నేను చూస్తుండగా, ఒక్కొక్కటే తల దిగబడేదాకా కొట్టాడు. "రొడ్డచెయ్యోడా, పొయ్యి లెక్కలు చేసుకోపో" అన్నాడు.

నేను వెళ్ళి లెక్కలే చేసుకున్నాను. ఉద్యోగం వచ్చింది, జీతం వచ్చింది, అన్న పెళ్ళిళ్ళలో నన్ను మా మాస్టరని గొప్పగా చూపించుకునేవాడు. ఆ మేకుల సంగతి మేమిద్దరం ఎన్నడూ ఎత్తలేదు. నాకు మాత్రం అది చాలా ఏళ్ళు నొప్పిగానే ఉంది. చిన్న విషయమని తెలుసు, అయినా నొప్పే.

ఆ ఆదివారం ఆ నాలుగు మేకులూ తుప్పు పట్టి అక్కడే ఉన్నాయి. నేను వాటి జోలికి పోలేదు. అడ్డదిడ్డంగా నిలబడి, కుడిచేత్తో తంటాలు పడుతూ, మిగిలిన వేప పలకలతో బల్లా నాలుగు కాళ్ళూ చేశాను. అన్న వసారాలోంచి కదల్లేదు.

రెండో వారం కప్పు. పలకలు రెండు, ముప్పావు అంగుళం మందం. నెత్తిన కలిసే అంచుల్ని ఏటవాలుగా కొయ్యాలి. నేను స్కూలు కోణమానిని తెచ్చుకుని, పలక మీద ఆనించి, ముప్పై డిగ్రీల దగ్గర గీత గీశాను. ఎంత జాగ్రత్తగా గీశానంటే పెన్సిలు రెండుసార్లు చెక్కాను. రంపంతో కోసి, చిత్రిక పట్టి, రెండు అంచులూ ఆనించి మేకులు కొట్టాను. అంచులు అతికినట్టు కూర్చున్నాయి. గాలి కూడా దూరదు. దాన్ని ఎత్తి కాళ్ళ మీద పెట్టాను. పెడితే కప్పు రెండు కాళ్ళ మధ్యలోకి దిగి, నిట్టనిలువుగా, సూదిగా నిలబడింది. దాని కింది అంచులు కాళ్ళను కూడా అందుకోలేదు.

నేను నమ్మలేక తిప్పి పెట్టాను. తిప్పినా అంతే.

వెనక ఏదో చప్పుడైంది. అన్న నవ్వు. కొట్టం గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడి, నోరు ఒక పక్కకు పోతున్నా ఆపుకోలేక నవ్వుతున్నాడు. వసారా నుంచి అక్కడికి ఎలా వచ్చాడో నాకు తెలియలేదు.

"ఏందిరా, చర్చి కట్టినావు" అన్నాడు. "గంట ఒకటి తక్కువ."

నాకు ఒళ్ళు మండింది. లెక్క సరిగ్గానే ఉందని కాగితం చూపించాను. ముప్పై అంటే ముప్పయ్యేనని గట్టిగా అన్నాను. అన్న కాగితం చూడలేదు. కోసిన అంచు మీద ఎడమ బొటనవేలితో రాసి చూశాడు.

"యాడి నుంచి కొలిచినావ్?" అన్నాడు.

ఆ ప్రశ్నతో నా గాలి మొత్తం పోయింది. ఏటా పదో తరగతి పిల్లలకు నేను బల్ల గుద్ది చెప్పే మాట అది. కోణం ఎంతో చెప్పేముందు ఎక్కడి నుంచి కొలుస్తున్నావో చెప్పమని. వాలు ముప్పై అన్నది నేల నుంచి. రెండు పలకలు నెత్తిన కలిసే చోట కోత నిట్టనిలువుగా ఉండాలి, ఆ నిలువుకూ వాలిన పలకకూ మధ్య ఉండేది అరవై. నేను ముప్పై అనే అంకెను పట్టుకుని పలక వైపు నుంచి కొలిచేశాను. ఇదే తప్పుకు యూనిట్ టెస్టులో ఒక పిల్లకు మూడు మార్కులు కోశాను.

నేను మళ్ళీ లెక్క వెయ్యబోతుంటే అన్న వద్దన్నాడు. గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. సున్నపు ముక్క అడిగి తీసుకున్నాడు. కొట్టంలో పరిచినవి బేతంచెర్ల బండలు. ఆ బండ మీద ఎడమచేత్తో గీయడం మొదలుపెట్టాడు. కింద అడ్డగీత, పదహారు అంగుళాలు. నడిమికి గుర్తు. అక్కడ నుంచి పైకి నిలువు గీత, నేను చెప్పిన నాలుగంగుళాల ఐదు నూళ్ళు. గీత వానపాములా వంకర పోయింది. చెరిపి మళ్ళీ గీశాడు. మూడోసారి నేను స్కేలు పట్టుకున్నాను, ఆయన గీశాడు. నేను గీస్తానని అనాలని నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. నిలువు గీత కొన నుంచి అడ్డగీత కొసకు వాలు గీత కూడా గీశాక ఒక పలక ముక్కను తెచ్చి వాలు గీత మీద పడుకోబెట్టమన్నాడు. నిలువు గీత ఆ పలక మీదుగా ఎక్కడ పోతుందో అక్కడ గుర్తు పెట్టమన్నాడు. పెట్టాను. కొలిస్తే అరవై. ఆయనకు డిగ్రీలతో పని పడలేదు. బండే చెప్పేసింది.

"ఇట్ల గీసుకుంటే అదే కనపడ్తాదప్పా" అన్నాడు. రా అనకుండా నన్ను అప్పా అన్నాడంటే మెచ్చుకున్నాడని అర్థం.

కొత్త పలకల మీద గుర్తులు వేసి నేను కోశాను. చిత్రిక పట్టాల్సి వచ్చేసరికి అన్న లేచాడు. నేను పట్టిన తీరు ఆయనకు నచ్చలేదు. నన్ను పక్కకు జరగమని చిత్రిక అందుకున్నాడు, ఎడమచేత్తో. కుడిచెయ్యిని దాని మీద ఊరికే ఆనించాడు. ఎడమ నుంచి కుడికి తోశాడు. పలక జారి బల్ల అవతల పడింది. అటు కొసన ఆపడానికి ఏమీ లేదు కదా. నేను ఎత్తి పెట్టాను. మళ్ళీ తోశాడు, మళ్ళీ జారింది. మూడోసారి ఆయన పలక వంక కాక ఎడమ కొసన ఉన్న అడ్డకట్టె వంక చూశాడు.

"ఆ కట్టె పీకు" అన్నాడు. "పీకి నీ పక్క కొట్టు."

నేను కదల్లేదు. నాయన పోయి పదేళ్ళు దాటినా ఆ బల్ల నాయనదే. అన్న మళ్ళీ చెప్పాడు. మేకులు లాగే కమ్మీ తీసుకుని మొదలుపెట్టాను. తుప్పు పట్టిన మేకులు ఒక్కొక్కటి కీచుమని అరుస్తూ వచ్చాయి. నాలుగో మేకు ఎంతకీ రాలేదు. అన్న తన ఎడమచెయ్యి కూడా కమ్మీ మీద వేశాడు. ఇద్దరం కలిసి లాగితే ఊడింది. ఆయన ఆ మేకును అరచేతిలో వేసుకుని చూశాడు.

"నాయన ఒకటి కొట్టమన్న్యాడు" అన్నాడు. "నేనే నాలుగు కొడ్తి."

ఇన్నేళ్ళు ఆ మేకుల బరువు నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. పర్లేదులే అన్నాను, ఆ మాట సరిగ్గా బయటికి రాలేదు. ఇప్పుడు మాట ముద్దగా వచ్చింది నాకు. కట్టెను కుడి కొసన పెట్టి ఒక్క మేకు కొట్టాను. ఇంకోటి వెయ్యనా అంటే చాలన్నాడు.

తర్వాత నేను ఆయనకు నేర్పాల్సి వచ్చింది. ఇది మా ఇద్దరికీ కొత్త. ఎడమకాలు వెనక పెట్టాలి, భుజం ఇటు తిప్పాలి, చేత్తో కాదు నడుముతో తొయ్యాలి అని చెప్పాను. చెప్పిన ప్రతిదానికీ చిరాకు పడ్డాడు. నాకే పని నేర్పుతావా అని ఒకసారి, నీ స్కూలు పిల్లలు పాపమని ఒకసారి అన్నాడు. మొదటి పలకకు మధ్యాహ్నమంతా పట్టింది. చెక్కపొట్టు ముందు ముక్కలు ముక్కలుగా రాలింది, పొద్దు వాలేసరికి ఒకటి పొడుగ్గా చుట్ట చుట్టుకుని వచ్చింది. అన్న దాన్ని తీసి చెవి మీద పెట్టుకున్నాడు, వయసులో ఉన్నప్పుడు పెట్టుకున్నట్టు. వదిన టీ తెచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. టీ చల్లారేదాకా ఆమె లోపలికి రాలేదు, మేం పిలవలేదు. ఆ రోజు చివరి బస్సు తప్పిపోయి అక్కడే పడుకున్నాను.

మూడో ఆదివారానికి నేను వెళ్ళేసరికి రెండో పలక తయారై ఉంది. నా కోసం ఆగలేదు. రెండూ ఆనించి చూస్తే నెత్తిన వెలుతురు దూరే సందు లేదు. కాళ్ళ మీద పెడితే ఒక నూలు కూడా తేడా లేకుండా కూర్చుంది. ఒక వాలు మీద చిత్రిక గాట్లు కొన్ని పడ్డాయి. వాటిని నునుపు చేద్దామంటే, అవి ఎడమచేతి అచ్చులు, ఉండనీ అన్నాడు. వాకిట్లో గుంజ పాతి నిలబెట్టాం. ఆ రోజు ఒక్క పిట్టా రాలేదు. ఉడత ఒకటి వచ్చి కప్పెక్కి, కిందికి జారి, మళ్ళీ ఎక్కింది. కోళ్ళు మాత్రం గుంజ చుట్టూ తిరిగి మెడలెత్తి చూశాయి. అన్న వాటి వంక చూసి పడిన సంతోషం నేను మాటల్లో చెప్పలేను. గురువారం వదిన ఫోన్ చేసి, గోరింకలు రెండు, పిచ్చుకలు ఐదు వచ్చాయని చెప్పింది. ఆ లెక్క మాత్రం నమ్మాను.

డోన్ ఆయన చెప్పిన ఆదివారమే బండితో వచ్చాడు. సామాన్ల సంగతి అన్న నాతో ఏమీ అనలేదు, నేను అడగడానికి భయపడ్డాను. ఆయన కొట్టంలోకి వచ్చి రంపాల పళ్ళు చూశాడు, ఉలుల పదును చూశాడు. బల్ల దగ్గరికి వచ్చి చిత్రిక తీసి ఒక ముక్క మీద తోశాడు. ముక్క ఎడమ కొస దాటి నేల మీద పడింది. అడ్డకట్టె యాడికి పోయిందప్పా అని వెతుక్కుని, కుడి కొసన దాన్ని చూసి, ఇది తప్పుగా కొట్టారని నవ్వాడు.

అన్న కుర్చీలోంచి లేచి వెళ్ళి, ఆయన చేతిలోంచి చిత్రిక తీసుకున్నాడు.

"తప్పు కాదప్పా. ఈ సామాన్లు నీకు పనికి రావు. ఇది రొడ్డచేతోళ్ళ బల్ల" అన్నాడు.

ఈ ఇంట్లో రొడ్డచెయ్యి ఎవరిదని ఆయన అడిగాడు. అన్న ఎడమచెయ్యెత్తి నన్ను చూపించాడు. ఆ చెయ్యే తిప్పి తన రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"మాదే" అన్నాడు. "అన్నదమ్ములం ఇద్దరం."